శిలపై వెలుగు – రాజా దీన్‌ దయాళ్‌

రాయి కదలదు, వెలుగు నిలవదు. నిలకడకు మారుపేరైన శిలను, క్షణక్షణం మారే కాంతిని ఒక గాజుపలకపై కలిపి భద్రపరచిన కళాకారుడు రాజా దీన్‌ దయాళ్‌. పందొమ్మిదవ శతాబ్దం చివరినాటి హైదరాబాదును నేటివారు కళ్లారా చూడగలుగుతున్నారంటే, అందుకు ఆయన కృషి ఒక ముఖ్యకారణం.

దీన్‌ దయాళ్‌ 1844లో మీరట్‌ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్‌ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించి, 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో చేరారు. కట్టడాల పటాలు గీయడం, వ్యయాన్ని అంచనా వేయడం ఆయన వృత్తి. ఆ విధంగా రాతి స్వభావం, నిర్మాణంలోని పొందిక ఆయనకు యౌవనంలోనే పరిచయమయ్యాయి.

1874 ప్రాంతంలో ఆయన మనసు ఛాయాచిత్రకళపై లగ్నమయింది. ఇండోరు పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కరు, ఆంగ్లేయాధికారి హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. మరొక అధికారి లెపెల్‌ గ్రిఫిన్‌ వెంట మధ్యభారతంలో పర్యటించి ఆయన తీసిన ప్రాచీన కట్టడాల చిత్రాలు 1886లో గ్రంథరూపం దాల్చాయి. నెలనెలా జీతమిచ్చే సర్కారు కొలువు ఒకవైపు, రాబడికి భరోసాలేని కళ మరొకవైపు నిలిచాయి. నలభై ఏళ్లు దాటిన వయసులో, సంసార భారాన్ని మోస్తూనే, ఆయన కొలువును వదులుకొని కళను వరించారు.

ఆరవ నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌ ఆదరణతో దీన్‌ దయాళ్‌ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో మహిళల నిర్వహణలోనే ప్రత్యేక స్టూడియో ఏర్పాటు చేయడం ఆయన ముందుచూపునకు నిదర్శనం. పాతబస్తీలోని చార్మినారు, దానికి పడమరగా గోలకొండ కోట, నాటి నిజాం రాజ్యంలోనివే అయిన ఎల్లోరా గుహలు ఆయన కెమెరాకు విషయాలయ్యాయి.

ఆ పని సులభసాధ్యం కాదు. పెద్ద చిత్రం కావాలంటే అంతే పెద్ద గాజుపలక కావాలి. బరువైన కెమెరాను, ముక్కాలిపీటను, పగిలిపోయే పలకలను కొండలమీదికి మోయించాలి. వెలుగును అంచనా వేయడానికి అనుభవమే ప్రధాన కొలమానం. నాటి పలకలు నీలికాంతిని త్వరగా గ్రహించేవి, ఎరుపును దాదాపు గ్రహించేవి కావు. అందువల్ల ఆకాశం తెల్లగా వెలవెలబోయేది; ఎర్రజీర గల రాయి నల్లబడేది.

గోలకొండ వంటి చోట ఈ పరీక్ష మరింత కఠినం. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి నల్లసేనపురాయి పగుళ్లు వారి, ఎండకు వానకు అంచులరిగి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుండ్లుగా మిగిలింది. కోట కట్టినవారు ఆ గుండ్లను తొలగించక గోడలో కలుపుకొన్నారు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు గుండు ఏదో, గోడ ఏదో తెలియకుండా అంతా ఒకే బల్లపరుపుగా కనిపిస్తుంది. ఉదయ సాయంకాలాల ఏటవాలు వెలుగులో గుండు గుండ్రదనం, రాతిపేర్పుల గరుకుదనం, పగుళ్ల లోతు వేరువేరుగా తేలుతాయి. నీడ లేనిదే శిలకు రూపం లేదు. వెలుగునీడల పొందికనెరిగిన కన్ను దీన్‌ దయాళ్‌ది. ఆయన చిత్రాలలో రాయి బరువు చూపరికి స్పష్టంగా తెలుస్తుంది.

నిజాం ఆయనను రాజా ముసవ్విర్‌ జంగ్‌ బహదూర్‌ బిరుదుతో సత్కరించారు. విక్టోరియా రాణి గుర్తింపు కూడా లభించింది. 1905లో ఆయన పరమపదించారు. మూడేళ్లకే, 1908 సెప్టెంబరులో, మూసీ వరద నదీతీరపు పేటలను తుడిచిపెట్టింది. శాశ్వతమనుకున్న రాతిగుట్టలు సైతం తరువాతి కాలంలో నగరం విస్తరించేకొద్దీ మందుగుండుకు బద్దలై, కంకరగా మారి, మేడలకు పునాదులయ్యాయి. కోట్ల ఏళ్లు నిలిచిన శిల ఒక్క రోజులో పోయింది; క్షణకాలపు వెలుగును పట్టిన పెళుసైన గాజుపలక మిగిలింది.

అటువంటి 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్లను విడుదల చేసింది. అయితే పోయిన గుట్టను చిత్రం చూపగలదేగాని తిరిగి నిలపలేదు. మిగిలిన శిలలను కాపాడుకోవడమే ఆ కళాకారునికి తగిన నివాళి.