ఆరని పొయ్యి - డొక్కా సీతమ్మ గారు

మా పెరట్లో నీళ్లు కాచే పొయ్యి ఇంకా ఉంది. గోడలో కట్టిన రాగి హండా, కింద మంట పెట్టే గూడు, వెనక పొగగొట్టం. వేరుశనగ పొట్టు, తుమ్మకంప, ఏది దొరికితే అది వేస్తాం. మంట పెట్టడం తేలికే. పొయ్యిని బాగా ఉంచుకోవడమే పని. రోజూ బూడిద ఎత్తాలి. గొట్టంలో మసి దులపాలి. గూడు బీటలిస్తే బంకమన్ను మెత్తాలి. నాలుగు రోజులు అశ్రద్ధ చేశామా, పొగంతా ఇంట్లోకే!

మొన్న మసి దులుపుతూ విసుక్కుంటుంటే డొక్కా సీతమ్మ గారు గుర్తొచ్చారు. ఐదుగురికి నీళ్లు కాచే పొయ్యితోనే నాకింత చాకిరీ అయితే, వేళాపాళా లేకుండా వచ్చే వాళ్లందరికీ వండిపెట్టిన ఆవిడ పొయ్యి సంగతేమిటి?

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. ఆకలితో వచ్చిన వాళ్లని ఉత్తచేతులతో పంపని ఇల్లది. అందుకే ఊళ్లో వాళ్లు ఆయన్ని బువ్వన్న అనేవారట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారితో సీతమ్మ గారి పెళ్లయింది. పుట్టింటి అలవాటు అత్తింటికీ వెంట వచ్చింది.

ఆ ఊరు గోదావరి పాయల మధ్య కోనసీమలో ఉంది. హోటళ్లు, బస్సులు లేని రోజులు. పడవ దిగి, కాలినడకన పోయే బాటసారులకి దారిలో ఆవిడ ఇల్లే దిక్కు. కులమేదని గానీ, ఊరేదని గానీ అడిగేవారు కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి రాజేసేవారు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది. 1876-78 కరువులో మా రాయదుర్గం, అప్పట్లో బళ్లారి జిల్లా, అల్లాడిపోయింది. పండిన చోట పెట్టడం ఏం గొప్ప అని మా వైపు వాళ్లకి అనిపించొచ్చు. కానీ గాదెలో గింజలుంటే అన్నం కాదు కదా! దంచాలి, చెరగాలి, నీళ్లు మోయాలి, పొయ్యి రగలాలి. వానాకాలం, వరదల రోజుల్లో లంకల్లో ఎండుకట్టె దొరకడమే కష్టం. ముందుచూపుతో ఎండబెట్టి దాచుకోకపోతే పొగ తప్ప మంట రాదు. అగ్గిపెట్టె అరుదైన ఇళ్లల్లో రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవారు. తెల్లారి నివురు తీసి, నాలుగు చితుకులు వేసి, గొట్టంతో ఊదితే మళ్లీ మంట. మా అవ్వ కూడా అలాగే చేసేది. ఆ ఊదడంలో పోయిన కళ్లెన్ని, పాడైన ఊపిరితిత్తులెన్ని! అన్నదానాన్ని పొగిడేటప్పుడు ఆ పొగ లెక్క మనం మర్చిపోతాం. హైదరాబాద్ ఇంజనీరు ఎస్.పి.రాజు గారు 1950లలో పొగగొట్టమున్న పొయ్యిని తయారుచేసేసరికి, సీతమ్మ గారు పోయి నలభై ఏళ్లు దాటింది.

ఆవిడ గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఎన్నాళ్లకో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారు. దారిలో ఆకలితో ఉన్న ప్రయాణికులు కొందరు, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని పిల్లల్ని ఊరడించడం ఆవిడ చెవిన పడింది. అంతే, యాత్ర మానుకుని వెనక్కి తిరిగారు. వాళ్లు వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండకూడదు. మన ఆడవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఇల్లు వదిలి ఒక్కరోజు పోవాలన్నా ముందు గుర్తొచ్చేది పొయ్యే కదా!

ఆవిడ పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903లో ఢిల్లీలో జరిగిన దర్బారుకు ఆహ్వానం వచ్చిందంటారు. పేరు కోసం చేసే పని కాదని ఆవిడ వెళ్లలేదట. అధికారులు ఫొటో తీయించి పంపుకోవాల్సి వచ్చిందని చెబుతారు. 1909లో ఆవిడ కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక ముసలావిడ మా గుమ్మంలో నిలబడి ఇంత ముద్ద ఉంటే పెట్టమని అడిగింది. గిన్నెలు కడిగేశాను, పొయ్యి ఆర్పేశానని పంపేశాను. మాది గ్యాస్ పొయ్యి. మీట తిప్పితే మండుతుంది. ఊదనక్కర్లేదు, కట్టె ఎండబెట్టనక్కర్లేదు. ఆవిడ వీధి మలుపు తిరిగాక గానీ ఆ మాట నాకు తట్టలేదు. పరుగెత్తి వెళ్లేసరికి కనబడలేదు.

సీతమ్మ గారిలా ఊరంతటికీ వండే శక్తి నాకు లేదు. మధ్యాహ్నం గిన్నెలో ఒక ముద్ద మాత్రం ఉంచి మూతపెడుతున్నాను. చాలా రోజులు అది సాయంత్రం మేమే తింటున్నాం. అయినా ఉంచుతున్నాను.