పీటర్ తంగరాజు

ప్రకృతి కొందరికి అసాధారణమైన దేహమును ప్రసాదించును. కాని దేహము తనంత తాను కీర్తిని తెచ్చిపెట్టదు. దానిని ఒక పనికి తగినట్లు తీర్చిదిద్దుకొనవలసినవాడు మనుష్యుడే. ఆరడుగులకు మించిన పొడగరియైన పీటర్ తంగరాజు జీవితము ఇందులకు నిదర్శనము.

తంగరాజు 1935వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఆ కాలమున హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములు కాలిబంతి ఆటకు పెట్టినది పేరు. తంగరాజు సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ సంఘముల పక్షమున ఆడెను. 1953లో సైన్యమున చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో స్థానము సంపాదించెను.

మొదట నాతడు ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా ఆడుచుండెను. గోలు చేసినవానిని జనులు చప్పట్లతో అభినందింతురు. గోలును కాచువాని పని అట్టిది కాదు. అతడు పది బంతులను ఆపినను మరతురు. ఒక్కటి జారిన జ్ఞాపకముంచుకొందురు. అయినను తంగరాజు ముందువరుసను విడిచి గోల్‌కీపరు బాధ్యతను స్వీకరించెను. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పైకి వచ్చు బంతి పొడగరికి సులభముగా అందును. నేలబారున వచ్చు బంతికి అతడే అందరికంటె ఎక్కువగా వంగవలెను. ఈ విద్యను సాధించిన తంగరాజు గోలు కాచుచుండగా, ఆ సైనికుల జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పును గెలుచుకొనెను.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో నాతడొక సభ్యుడు. 1958లో ఆసియా ఖండమున ఉత్తమ గోల్‌కీపరుగా గౌరవము నందెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలోను దేశము పక్షమున గోలు కాచెను.

అతనికి అసలైన పరీక్ష 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఎదురయ్యెను. జట్టు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీము. తంగరాజు జ్వరపీడితుడు కాగా, అతని స్థానమున ప్రద్యోత్ బర్మన్ చక్కగా ఆడుచుండెను. తుదిపోటీ దక్షిణ కొరియాతో. తొలి ఆటలో భారతదేశమును రెండు గోళ్ళతో ఓడించిన జట్టు అదియే. బాగుగా ఆడుచున్నవానిని మార్చుట సాహసమే. అయినను రహీము తంగరాజు పొడవును, అనుభవమును నమ్మి అతనినే నిలిపెను.

ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశములను రానీయకపోవుటను భారత ప్రతినిధి ఆక్షేపించియుండెను. అందుచేత సెప్టెంబరు 4వ తేదీన మైదానమున నిండిన సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారిని చూచి కేకలు వేసిరి. పి. కె. బెనర్జీ ఒక గోలు చేసెను. తలకు గాయమైయున్నను ఆడిన జర్నైల్ సింగు మరియొకటి చేసెను. ఆట ముగియవచ్చు సమయమున కొరియావారు ఒక గోలు చేసిరి. మరియొకటి జరిగిన సమానమగును. కాని తంగరాజు మరల గోలు కానీయలేదు. భారతదేశము 2-1 గోళ్ళతో స్వర్ణపతకమును సాధించెను. మరుసటి సంవత్సరము జూన్ నెలలో రహీము పరమపదించెను.

అటుపిమ్మట తంగరాజు కలకత్తాలోని ప్రసిద్ధ సంఘముల పక్షమున ఆడెను. 1967లో భారత ప్రభుత్వము అతనికి అర్జున పురస్కారము నొసగెను. 1971లో ఆటను విరమించి, తాను నేర్చిన విద్యను శిక్షకుడుగా యువకులకు బోధించెను. 2008 నవంబరు 24వ తేదీన బొకారోలో కన్నుమూసెను.

పొడవు తంగరాజునకు పుట్టుకతో లభించినది. కాని తన పేరు కంటె జట్టు అవసరము మిన్నయని తలచి ముందువరుస నుండి వెనుకకు వచ్చి నిలుచుట అతడు స్వయముగా ఎన్నుకొన్న మార్గము. అతనిని నిజముగా ఉన్నతుని చేసినది ఆ గుణమే.