శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు

ఇరువదవ శతాబ్ది తొలిభాగమున లోకమెల్లెడల క్రొత్త పత్రికలు వెలసినవి. 1912లో కలకత్తా నగరమున మౌలానా ఆజాద్ అల్ హిలాల్ అను ఉర్దూ పత్రికను, 1915లో షాంఘై నగరమున చెన్ దూష్యు చీనా యువజనుల పత్రికను నెలకొల్పిరి. తెలుగున 1902లో బందరునుండి కృష్ణాపత్రికయు, 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికయు వెలువడెను.

ఆ కాలమున మన ఎర్రుపాలెము నైజాము రాష్ట్రపు అంచున నుండెను. ఎల్ల దాటినచో కృష్ణా మండలము. ఇరువైపుల మాట ఒక్కటే. కాని ఇచ్చట రాజభాష ఉర్దూ. సభ జరుపుటకు సైతము సర్కారు అనుమతి కావలసియుండెను. అట్టి రాష్ట్రమున తెలుగు పత్రిక నడపుట సాహసమే. 1922లో ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండలో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను స్థాపించి దారి చూపిరి. ఆ దారిని రాజపథము గావించినవారు శ్రీ ప్రతాపరెడ్డిగారు.

వీరు 1896 మే 28వ తేదీన పాలమూరు ప్రాంతమున జన్మించిరి. కర్నూలునను మద్రాసునను చదివి న్యాయశాస్త్ర పట్టము పొందిరి. వకీలు వృత్తిలో ధనము గడింపగలిగియుండియు, దానిని వీడి దేశసేవకు పూనుకొనిరి. 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. అది వారమునకు రెండుమార్లు వచ్చుచుండెను. వెట్టిచాకిరిని ఖండించుట, మాతృభాషలో విద్య కోరుట, సంఘ దురాచారములను నిరసించుట దాని వ్రతము. పాలకుల ఆగ్రహము ఒకవైపు, ధనాభావము మరియొకవైపు ఉన్నను వారి కలము వెనుదీయలేదు. 1947లో ఆ పత్రిక దినపత్రిక యయ్యెను.

తెలంగాణమున తెలుగు కవులు లేరన్న చులకనమాట ఒకటి అప్పట్లో వినవచ్చెను. ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, ఊరూర నున్న కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. అంతకుమించిన సమాధానము వేరొకటి యుండునా?

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు వీరే అధ్యక్షులు. 1943లో మన ఖమ్మమున జరిగిన గ్రంథాలయ మహాసభకును వీరు అధ్యక్షత వహించిరి. పత్రిక వెలువడినంతనే చాలదు, దానిని చదువు చోటు పల్లెలో నుండవలెనని వారు ఎరుగుదురు. చందా కట్టలేని రైతుకూలీకి ఆ చోటు గ్రంథాలయమే గదా!

1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న పరమపదించిరి. రాజుల కథలు గాక సామాన్య జనుల తిండి, బట్ట, ఆటపాటలను వివరించిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. తెలుగున ఆ గౌరవమందిన తొలి గ్రంథమదియే. దానిని స్వీకరించుటకు వారు జీవించి యుండలేదు.

గోలకొండ పత్రికయు అనంతర కాలమున నిలిచిపోయినది. అయినను అది నేర్పిన చదువరితనము నిలిచియున్నది. రజతోత్సవము జరుపుకొను మన గ్రంథాలయమున పత్రికను విప్పు ప్రతి పాఠకుడును ఆ మహనీయునికి ఋణపడియున్నాడు. ఆ ఋణము తీరు మార్గము ఒక్కటే: తాను చదువుట, చదువురాని పొరుగువానికి చదివి వినిపించుట.