కాటన్ దొర

1830 ప్రాంతమున గోదావరి డెల్టా నేటివలె సస్యశ్యామలము కాదు. నది పొంగిన యేట పంటలు మునిగెడివి. వానలు తప్పిన యేట ఎండెడివి. 1833 నాటి కరవును, 1839 నాటి తుపానును ఆ సీమవారు చిరకాలము మరువలేదు. 1821లో 7 లక్షలు దాటిన జిల్లా జనసంఖ్య 1841 నాటికి 6 లక్షలకు లోబడెను. చెంతనే మహానది పారుచుండ ప్రజలు ఆకలిచే మడియుచుండిరి.

ఈ దుఃస్థితికి మూలమరసి మార్గము చూపినవాడు ఆర్థర్ థామస్ కాటన్. ఆయన 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళమున చేరుటకు భారతదేశమునకు వచ్చెను. కావేరిపై చోళులు నిర్మించిన కల్లణను పరిశీలించి, ఇసుక నేలలో పునాది నిలుపు నేర్పును ఆ ప్రాచీన శిల్పుల నుండియే గ్రహించెను. కొల్లడముపై తాను కట్టించిన ఆనకట్టలయందు ఆ విద్యను పరీక్షించుకొనెను.

1844లో కాటన్ గోదావరి సీమను పరిశీలించి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. వరదకొక ఉపాయము, కరవునకు వేరొక ఉపాయము అని ఆయన విడదీయలేదు. ఆనకట్టతో నీటిమట్టము పెంచి కాలువలకు మళ్ళించుట, ఏటిగట్లను బలపరచుట, మురుగు నీటిని వెడలించుట, ఆ కాలువలపైనే పడవలు నడపుట అన్నియు ఒకే ప్రణాళికలోని అంగములు. 1846లో అనుమతి లభించెను. 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమయ్యెను. లంకలు నదిని చీల్చుటచే కట్టడము ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా సాగెను. వీణెం వీరన్న కూలీలను సమకూర్చి తోడ్పడెను. నడుమ కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై వెళ్ళవలసివచ్చినను, కెప్టెన్ ఓర్ పని ఆగనీయలేదు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

రైళ్ళకన్న కాలువలే దేశమునకు ముఖ్యమని కాటన్ తుదివరకు వాదించెను. అందుకై 1878లో, వృద్ధాప్యమున, బ్రిటిష్ పార్లమెంటు సంఘము ఎదుట సమాధానములు చెప్పుకొనవలసివచ్చెను. 1899 జూలై 24న కన్నుమూసెను.

ఆ ఆనకట్ట నీటిని మళ్ళించునదే కాని నిలువచేయునది కాదు. నది సన్నగిలిన వేసవిలో కాలువలు సన్నగిలుట, 1986 ఆగస్టు వరదలో ఏటిగట్లు తెగుట ఈ పరిమితిని తెలిపెను. 1982లో పూర్తియైన నూతన బారేజికి కాటన్ పేరే పెట్టిరి. నేటికిని కాలువగట్లపై ఆయన విగ్రహములకు రైతులు పూలదండలు వేయుదురు. వరదను, కరవును ఒక్క లెక్కలోనే చూడవలెనన్న ఆయన పాఠము నదులున్నంతకాలము పనికివచ్చునదే.