శ్రుతి కుదిరిన జీవితం

యమహా మోటారు సైకిళ్లపై వలయంలో ఇమిడిన మూడు శ్రుతిదండాల చిహ్నం కనిపిస్తుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు మోగించి చూసే శ్రుతిదండానికి, రహదారిపై దూసుకుపోయే వాహనానికి సంబంధమేమిటి? దీనికి సమాధానం తొరకుసు యమహా జీవితంలో లభిస్తుంది.

తొరకుసు 1851లో జపాన్ దేశంలోని కీ సంస్థానంలో జన్మించాడు. తండ్రి ఖగోళశాస్త్రం తెలిసిన సంస్థానోద్యోగి. ఆ ఇంట ఉన్న పుస్తకాలు, పరికరాలు బాలునిలో యంత్రాలపై ఆసక్తిని పెంచాయి. యౌవనంలో నాగసాకి నగరానికి వెళ్లి గడియారాల పని నేర్చుకున్నాడు. తరువాత వైద్య పరికరాలను బాగుచేయడంలో నైపుణ్యం సంపాదించి, ఆ వృత్తితోనే హమమత్సు పట్టణం చేరుకున్నాడు.

1887లో ఆ పట్టణంలోని ప్రాథమిక పాఠశాలలో విదేశాల నుండి తెప్పించిన రీడ్ ఆర్గన్ చెడిపోయింది. అది కాలితో గాలి తొక్కుతూ వాయించే వాద్యం. తొరకుసు దానిని విప్పి, లోపమెక్కడుందో కనిపెట్టి బాగుచేశాడు. అంతటితో ఆగక దాని భాగాలన్నింటికీ చిత్రాలు గీసుకున్నాడు. ఇటువంటి వాద్యాన్ని స్వదేశంలోనే తక్కువ ఖర్చుతో తయారుచేయవచ్చునని అతనికి తోచింది. కిసబురో కవాయ్ అనే పనివాని తోడ్పాటుతో ఒక ఆర్గన్ నిర్మించాడు.

దాని విలువను తేల్చగల నిపుణులు టోక్యోలో ఉన్నారు. అప్పటికి ఆ దారిలో రైలు మార్గం పూర్తి కాలేదు. మిత్రులిద్దరూ వాద్యాన్ని కావడికి కట్టి భుజాన మోస్తూ, హకొనె కొండలు దాటి, సుమారు 250 కిలోమీటర్లు నడిచారు. సంగీత పాఠశాలలో పరీక్షించిన పెద్దలు నిర్మాణం బాగున్నదని మెచ్చుకున్నారు. కాని శ్రుతి సరిగా లేదని తేల్చి చెప్పారు. పడిన శ్రమంతా వ్యర్థమైనట్లే అనిపించే క్షణమది. అయినా తొరకుసు ఆ తీర్పుతో వాదించలేదు. చేతికి పనితనం ఉన్నా చెవికి శిక్షణ లేదని గ్రహించాడు. పాఠశాల అధిపతి షూజీ ఇజావా అనుమతితో దాదాపు నెల రోజులు అక్కడే ఉండి సంగీత సిద్ధాంతం అభ్యసించాడు. శ్రుతిదండాన్ని వెంట ఉంచుకొని రేయింబవళ్లు సాధన చేశాడు. తిరిగి వచ్చి నిర్మించిన రెండవ ఆర్గన్ విదేశీ వాద్యాలకు దీటైనదని అదే పాఠశాల ప్రశంసలు పొందింది.

1897లో అతడు నిప్పోన్ గక్కి సంస్థను స్థాపించాడు. 1899లో అమెరికా వెళ్లి పియానో తయారీని పరిశీలించి వచ్చి, మరుసటి సంవత్సరమే పియానోల నిర్మాణం ప్రారంభించాడు. 1916లో కన్నుమూశాడు.

తన పేరు మోసే మోటారు సైకిల్‌ను తొరకుసు చూడలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ సంస్థ విమానాల ప్రొపెల్లర్లు తయారుచేసింది. యుద్ధానంతరం పనిలేక మిగిలిన యంత్రాలను వినియోగించి, అధ్యక్షుడు గెనిచి కవకామి 1955లో 125 సీసీ వైఏ-1 వాహనాన్ని వెలువరించాడు. జపాన్ ప్రజలు దానిని ఎర్ర తూనీగ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ ఏడాదే యమహా మోటార్ సంస్థ వేరుగా ఏర్పడింది. మట్టిబాటల బైకుకు చిన్న చక్రాలు, తారురోడ్డుకు తగిన టైర్లు అమర్చే సూపర్‌మోటో పద్ధతిలో, ఐరోపా యువకుల కోసం 2009లో వచ్చిన డబ్ల్యూఆర్125ఎక్స్ కూడా 125 సీసీ వాహనమే. దానిపైనా శ్రుతిదండాల ముద్ర ఉంది.

టోక్యోలో తన లోపాన్ని విన్న రోజున తొరకుసు వెనుదిరిగి ఉంటే ఆ ముద్ర పుట్టేది కాదు. తప్పును ఎత్తిచూపిన వారినే గురువులుగా స్వీకరించిన వినయం అతని విజయానికి మూలం.