రెండు కుర్చీల మనిషి - సతీష్ ధవన్

మన నాయుడుపేట నుంచి మద్రాసు రోడ్డు మీద దక్షిణంగా పోతే దొరవారిసత్రం, ఆ తర్వాత సూళ్లూరుపేట వస్తాయి. అక్కడ తూర్పుకు తిరిగితే పులికాట్ నీళ్ల మధ్యగా పోయే రోడ్డు శ్రీహరికోట దీవికి చేరుస్తుంది. ఒకప్పుడు యానాదులు తేనె, కట్టెలు, దుంపలు ఏరుకుని బతికిన అడవి అది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని షార్ అనే పిలుస్తారు. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అనే పూర్తి పేరు మాత్రం పోటీ పరీక్షల్లో ఒక్క మార్కు ప్రశ్నగా అందరికీ తెలుసు. ఆ ఒక్క మార్కు వెనుక ఉన్న మనిషి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ధవన్ గారు 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోరులో చదివారు. ఆయన చదివిన చదువులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లెక్కలు, భౌతికశాస్త్రంలో ఒక డిగ్రీ, ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజనీరింగు. ఏ గ్రూపు తీసుకోవాలా అని ఇంటరులో తల పట్టుకునే తమ్ముళ్లు ఇది గమనించాలి. తర్వాత అమెరికా వెళ్లి 1951లో కాల్‌టెక్‌లో డాక్టరేటు పొందారు. అదే ఏడాది తిరిగివచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. 1962లో దానికి డైరెక్టరయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై రెండేళ్లు.

1971 డిసెంబరు 30న విక్రం సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. అంతరిక్ష కార్యక్రమానికి పెద్ద దిక్కు లేకుండా పోయింది. ధవన్ గారు అప్పుడు సెలవు మీద అమెరికాలో పాఠాలు చెబుతున్నారు. ప్రధాని ఇందిరాగాంధీ నుంచి పిలుపు వచ్చింది. మరొకరైతే మరుసటి రోజే విమానం ఎక్కేవారు. ఆయన మాత్రం కొన్ని షరతులు పెట్టారు. అక్కడ ఒప్పుకున్న పని పూర్తి చేసే వస్తాననీ, కేంద్ర కార్యాలయం బెంగుళూరులో ఉండాలనీ, విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవి వదులుకోననీ చెప్పారు. ప్రధాని ఒప్పుకున్నారు. అలా 1972 నుంచి 1981 దాకా ఆయన రెండు పెద్ద కుర్చీల్లో ఒకేసారి కూర్చున్నారు.

ఒక మనిషి రెండు పూర్తి ఉద్యోగాలు ఎలా చేశాడు? నాకు తోచిన జవాబు ఒక్కటే. కింది వాళ్ల పని తాను చేయలేదు, వాళ్లనే చేయనిచ్చాడు. ప్రతి కాగితం తన బల్ల మీదికి రావాలని, ప్రతి బోల్టు బిగింపుకూ తన సంతకం ఉండాలని పట్టుబడితే ఏడాది కూడా గడిచేది కాదు. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ కేంద్రాన్ని లోహశాస్త్రంలో ఉద్దండుడైన బ్రహ్మప్రకాశ్ గారికి అప్పగించారు. ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు పనిని ఏ.పి.జె. అబ్దుల్ కలాం అనే ఇంజనీరు చేతిలో పెట్టారు. విజ్ఞాన సంస్థలోనూ ఇదే తీరు. రసాయనశాస్త్రం ప్రొఫెసరు అమూల్య రెడ్డి గారు పల్లెల కోసం పని చేస్తానంటే, అది నీ సబ్జెక్టు కాదని అడ్డుకోలేదు. 1974లో మొదలైన ఆ విభాగమే తర్వాత పొగ తక్కువ వచ్చే కట్టెల పొయ్యి తయారు చేసింది. కట్టెల పొయ్యి మీద మనకు అన్నం వండిపెట్టిన వంటమ్మలకు దాని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్వేచ్ఛ ఇవ్వడమంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు. ధవన్ గారి కాలంలో సమీక్షా సమావేశాలు గట్టిగా జరిగేవి. ఎవరి లెక్కనైనా ఎవరైనా తప్పు పట్టవచ్చు, జూనియరు లేచి సీనియరును ప్రశ్నించవచ్చు. అడగాల్సినవన్నీ అడిగాక నిర్ణయం మాత్రం పని చేసేవాడిదే.

దీనికి అసలు పరీక్ష 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో వచ్చింది. ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటరు ఏదో లోపం చూపించి లెక్కింపు ఆపేసింది. కలాం నిపుణులతో మాట్లాడి, ఫరవాలేదనుకుని, ప్రయోగానికే నిర్ణయం తీసుకున్నారు. మొదటి దశ బాగానే పని చేసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయి ఉండటంతో రాకెట్టు అదుపు తప్పింది. ఐదు నిమిషాలు దాటేసరికి అంతా బంగాళాఖాతంలో పడింది. ఎన్నో ఏళ్ల కష్టం, ప్రజల సొమ్ము నీళ్లపాలయ్యాయి.

మన ఆఫీసుల్లో ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో తెలిసిందే. ముందు మెమో వస్తుంది, తర్వాత ఎంక్వయిరీ, ఆపైన బదిలీ. కంప్యూటరు వద్దన్నా వినని ఇంజనీరు ఎదురుగా ఉన్నాడు, నేరం మోపడానికి అంతకంటే ఏం కావాలి? కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పిన ప్రకారం, ధవన్ గారు ఆయన్ను వెంటబెట్టుకుని పత్రికల వాళ్ల ముందుకు వెళ్లారు. విలేకరుల విమర్శలన్నీ తానే విన్నారు. వైఫల్యానికి బాధ్యత సంస్థ అధిపతిగా తనదేనన్నారు. ఈ బృందం మీద తనకు నమ్మకం ఉందనీ, వచ్చే ఏడాదికి సాధిస్తారనీ చెప్పారు. బృందాన్ని మార్చలేదు, నాయకుణ్ణీ మార్చలేదు.

దాని ఫలితం ఒక్క ధైర్యంతోనే ఆగలేదు. భయం లేని చోట తప్పు దాచాల్సిన పని ఉండదు. ఎక్కడ ఏ వాల్వు పని చేయలేదో, ఎవరి అంచనా ఎక్కడ తప్పిందో ఆ మనుషులే కూర్చుని తేల్చారు. తన మెడ కాపాడుకోవడానికే పొద్దంతా సరిపోయేవాడు వాల్వు గురించి నిజం చెబుతాడా?

1980 జూలై 18న అదే బృందం, అదే శ్రీహరికోట నుంచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశమంతా పండుగ చేసుకుంది. ఆ రోజు పత్రికల వాళ్లతో మాట్లాడమని ధవన్ గారు కలాంనే పంపి, తాను వెనక్కి తప్పుకున్నారు. ఈ రెండో సంగతే నాకు ఎక్కువ కష్టమైనదిగా కనిపిస్తుంది. నిందను మోసే పెద్దలు అరుదుగానైనా దొరుకుతారు. దండ పడే వేళకు పక్కకు జరిగేవారు ఎందరుంటారు?

మన హాస్టలులో చదివిన అన్నలు ఎందరో ఇప్పుడు బడుల్లో, మండలాఫీసుల్లో, మేనకూరు సెజ్ ఫ్యాక్టరీల్లో పని చేస్తున్నారు. కొందరి కింద పదిమంది ఉన్నారు, మరికొందరి పైన పదిమంది ఉన్నారు. గేటు దాటడానికి చీటీ, గ్లాసు నీళ్లు తాగడానికి అనుమతి, ఆలస్యమైతే నలుగురిలో తిట్లు, ఇవి రోజూ పడేవాడికి రాత్రి నిద్ర కూడా సరిగా పట్టదు. జీతం ఒకటే అయినా, తన పని తాను తీర్చుకునే వీలున్న మనిషి ఇంటికి వచ్చే తీరు వేరుగా ఉంటుంది. చూసినవాళ్లకు తెలుసు.

ధవన్ గారు 1984లో అంతరిక్ష సంస్థ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. కుర్చీని యు.ఆర్. రావు గారికి అప్పగించారు. తర్వాత ఆయన మనసు పెట్టిన వాటిలో పక్షులు ఒకటి. రెక్క గాలిని ఎలా పట్టుకుంటుందో, బరువైన పక్షి ఎలా లేస్తుందో లెక్కలు కట్టి రాసిన పుస్తకం 1991లో అచ్చయింది. పులికాట్ ఒడ్డున, నేలపట్టు చెట్ల మీద గూడబాతులను రోజూ చూసే మనకు ఆ పుస్తకం దొరికితే చదవదగినదే. 2002 జనవరి 3న బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది జూలైలో కలాం గారు రాష్ట్రపతి అయ్యారు. సెప్టెంబరులో షార్‌కు ధవన్ గారి పేరు పెట్టారు.