ఏడు రంగుల ఆటగాడు

నిజాముల కాలంలో హైదరాబాదున ఆటలు ప్రభువుల ప్రాంగణాలలోనే పెరిగినవి. అమీరుపేటను ఆనుకొని ఉన్న పంజగుట్టపై నవాబు ఫక్రుల్‌ముల్కు కట్టించిన ఎర్రమంజిల్ అట్టి భవంతులలో ఒకటి. పోలో ఆడుటకు దానికి సొంత మైదానమే ఉండేది. సామాన్యుని బిడ్డకు ఆ గోడల లోపల ప్రవేశం దుర్లభం. అట్టి కాలంలో తండ్రి లేని ఒక బాలునికి ప్రభువుల ఇంటి తలుపు తెరుచుకొన్నది. ఆ బాలుడే సయ్యద్ మహమ్మద్ హాదీ.

1899 ఆగస్టు 12న హైదరాబాదులో జన్మించిన హాదీ, నిజాము సైన్యంలో పనిచేసిన తండ్రిని పసితనంలోనే కోల్పోయినారు. పూర్వం దివానుగా ఉండిన సర్ అస్మాన్ జా కుటుంబం వారు ఆయనను చేరదీసి పెంచినారు. ఆ ఇంట గుర్రమూ, రాకెట్టూ, బ్యాటూ అన్నీ అందుబాటులో ఉండేవి. హాదీ వాటిలో దేనినీ విడువలేదు.

కేంబ్రిడ్జిలో చదువుకొనే రోజులలో టెన్నిసు ఆయనకు పేరు తెచ్చినది. 1924 పారిసు ఒలింపిక్ క్రీడలలో డొనాల్డ్ రత్నంతో జతకట్టి పురుషుల డబుల్సు ఆడినారు. డేవిసు కప్పు పోటీలలోనూ భారతజట్టున నిలిచినారు. డబుల్సులో కాపాడవలసినది సగం మైదానమే కదా అని చూచేవారికి తోచవచ్చును. కాని ఏ బంతి తనది, ఏది జతగానిది అన్నది రెప్పపాటులో తేలవలెను. తన నేర్పు చూపుకొనే ఆశను అణచుకొని రెండవవానికి దారి ఇవ్వవలెను. విడివిడిగా మేటులైన ఇద్దరు జతకూడి ఓడిపోవుట కద్దు.

విచిత్రమేమనగా, దేశపు క్రీడాచరిత్రలో హాదీ పేరు స్థిరపడినది క్రికెట్ వలన. రంజీ ట్రోఫీ ఆరంభమైన 1934-35లో, సికింద్రాబాదున మద్రాసు జట్టుపై 132 పరుగులు చేసి అజేయుడుగా నిలిచినారు. ఆ పోటీలలో నమోదైన మొట్టమొదటి శతకం అదే. 1936లో విజయనగరం మహారాజకుమారుని నాయకత్వాన ఇంగ్లండు వెళ్లిన జట్టులో ఆయనకు చోటు దొరికినది. డేవిసు కప్పులో డబుల్సు ఆడిన మద్రాసు క్రీడాకారుడు కోటా రామస్వామియు ఆ జట్టులో ఉన్నారు. నలువది ఏండ్లు నిండిన రామస్వామికి రెండు టెస్టులు దక్కినవి. ఆయనకన్న మూడేండ్లు చిన్నవాడైన హాదీకి ఒక్కటియు దక్కలేదు, అప్పుడే కాదు, ఎన్నడునూ.

క్రికెట్, టెన్నిసు, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిసు, పోలో, చదరంగం: ఈ ఏడింటిలోనూ ప్రవేశం ఉన్నందున ఆయనను ‘రెయిన్‌బో’ హాదీ అని పిలిచేవారు. ఒక్కదానినే పట్టుకొని ఉంటే ఇంకెంత ఎత్తుకు పోయేవారో అనే విచారం నేటి పాఠకునికి కలుగుట సహజం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ రోజులలో ఆట బ్రతుకుతెరువు కాదు. ఋతువు మారితే ఆటయు మారేది. పతకాల లెక్కతో ఆ జీవితాన్ని తూచుట న్యాయం కాదు.

స్వాతంత్ర్యానంతరం హాదీ అఖిలభారత క్రీడామండలిలో పనిచేసినారు. 1971 జులై 14న మరణించినారు. ఆయన ఆడిన పారిసు క్రీడల తరువాత ఒలింపిక్సు నుండి తొలగిన టెన్నిసు, పతకాల పోటీగా మరల అందులో చేరినది 1988లో, సియోల్ నగరమున.